గుల్మార్గ్ మంచులో ఏడు రోజులు: హైదరాబాద్ నుంచి స్నోషూ యాత్ర

బయల్దేరే ముందు, హైదరాబాద్‌లో

స్నోషూ అంటే మంచులో కూరుకుపోకుండా బూటు కింద కట్టుకునే వెడల్పాటి చట్రం. దమ్ము చేసే ట్రాక్టర్‌ను చూసినవాళ్లకు దాని గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. మామూలు టైర్లతో మడిలోకి దిగితే బండి ఇరుసు దాకా కూరుకుపోతుంది కాబట్టి ఇనుప కేజ్ వీల్స్ బిగిస్తారు. వాటితో బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుంటుంది, ఇనుప పళ్లు బురదను పట్టుకుంటాయి. స్నోషూ చేసేవి కూడా ఈ రెండు పనులే. ఉత్త బూట్లతో మెత్తటి మంచులో నడిస్తే మోకాలి దాకా, ఒక్కోసారి తొడల దాకా దిగబడతాం. అలా వంద అడుగులు వేసేసరికి గంట నడిచినంత అలసట వస్తుంది. 25 అంగుళాల స్నోషూ వైశాల్యం బూటు అడుగు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ ఉంటుంది. అయినా కొత్తగా పడ్డ మంచులో అది జానెడు లోతు దిగుతుంది. అది లోపం కాదు, అంతవరకు మామూలే.

కశ్మీర్ వాళ్లు వెనకటి రోజుల్లో మంచులో నడవడానికి వరిగడ్డితో పేనిన చెప్పులు వేసుకునేవాళ్లు, వాటిని పులహోర్ అంటారు. మడిలో పండిన గడ్డే మంచులో కాలికి ఆసరా అయింది. ఇప్పుడు అల్యూమినియం ఫ్రేములు, పాదం కింద పరుచుకునే గట్టి ప్లాస్టిక్ పలకలు, అంటే డెక్కులు, వచ్చాయి.

ఎప్పుడు వెళ్లాలన్నది మొదటి నిర్ణయం. కశ్మీర్‌లో డిసెంబర్ 21 నుంచి 40 రోజుల గడ్డుచలిని చిల్లై కలాన్ అంటారు. దాని తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్, ఆపైన 10 రోజులు చిల్లై బచ్చా. చలి ఎక్కువ కాబట్టి మంచు కూడా ఎక్కువే ఉంటుందని అనుకోవద్దు. 2024 జనవరిలో చాలా రోజులపాటు గుల్మార్గ్ మైదానం గోధుమరంగు గడ్డితో ఖాళీగా కనిపించింది, మంచు నెలాఖరుకు గానీ రాలేదు. అందుకే సంక్రాంతి సెలవులకు టికెట్లు కొనేకన్నా జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి మూడో వారం లోపు పెట్టుకోవడం మేలు. ఇక్కడ రాసిన క్రమం ఆరుగురి బృందానికి, ఒక స్థానిక గైడ్‌తో, ఆ రోజులకు వేసినది.

కాళ్ల సాధన ఆరు వారాల ముందు మొదలుపెట్టాలి. కేబీఆర్ పార్కులో చదును బాట మీద నడక ఊపిరికి మంచిదే కానీ దీనికి చాలదు. స్నోషూల జత బరువు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు. ప్రతి అడుగులో మోకాలు మామూలు కన్నా పైకి లేవాలి కాబట్టి నొప్పి పిక్కల్లో కాదు, తొడ మొదట్లో, గజ్జల దగ్గర పుడుతుంది. ఆ కండరాలకు మెట్లే మందు. గోల్కొండలో బాలాహిస్సార్ దాకా సుమారు 360 మెట్లున్నాయి. ఐదారు కిలోల బ్యాగుతో వారానికి మూడు రోజులు, రోజుకు రెండుసార్లు ఎక్కి దిగితే సరిపోతుంది. దిగడం మానొద్దు, మోకాళ్లు గట్టిపడేది అక్కడే.

బట్టల దగ్గరే మనవాళ్లు ఎక్కువ పొరపాట్లు చేస్తారు. జనవరిలో హైదరాబాద్‌లో తెల్లవారుజామున 14, 15 డిగ్రీలుంటేనే మంకీ క్యాప్ తీస్తాం. గుల్మార్గ్‌లో రాత్రి మైనస్ 8, మైనస్ 10కి పడిపోతుందని వినగానే ఉన్న స్వెటర్లన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుంటాం. కానీ స్నోషూ నడకలో పది నిమిషాలకే ఒళ్లు వేడెక్కి చెమట పడుతుంది. ఆగిన ఐదు నిమిషాలకు ఆ చెమటే వీపు మీద మంచుగడ్డలా అవుతుంది. మంచులో ఒళ్లు చల్లబడిపోవడానికి చలిగాలి ఒక్కటే కారణం కాదు, ఈ చెమట కూడా. అందుకే మూడు పొరలు చాలు. ఒంటికి అంటుకునే ఊలు లేదా సింథటిక్ థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన గాలినీ తడినీ ఆపే పల్చటి జాకెట్. ఆగినప్పుడు వేసుకోవడానికి పక్షి ఈకలు నింపిన ఒక డౌన్ జాకెట్‌ను బ్యాగులో పైనే పెట్టుకోవాలి. నూలు బనియన్లు, జీన్స్ వద్దు. తడిస్తే ఆరవు, వేడినంతా లాగేస్తాయి. సాక్సులు రెండు జతలు తొడిగితే బూటు బిగుసుకుని రక్తం ఆడదు, వేళ్లు ఇంకా చల్లబడతాయి. మందపాటి ఊలు సాక్సు ఒక్క జత, బూటులో వేళ్లు ఆడేంత ఖాళీ ఉంటే చాలు.

తిండికి సంక్రాంతి పిండివంటలు చక్కగా పనికొస్తాయి. చాక్లెట్ బార్లు మైనస్‌లో రాయిలా గట్టిపడి పళ్లకు పని పెడతాయి. సకినాలు, నువ్వుల ఉండలు చలిలో అంతగా మారవు. చేతి తొడుగు తీయకుండా తినొచ్చు. మనిషికి రోజుకు 250 గ్రాముల లెక్కన విడివిడిగా పొట్లాలు కట్టుకుంటే దారిలో పంచుకునే పని ఉండదు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఫోన్. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. బృందంలో కనీసం ఇద్దరి దగ్గర వేర్వేరు కంపెనీల పోస్ట్‌పెయిడ్ నంబర్లుండాలి. సాటిలైట్ ఫోన్లు, సాటిలైట్ మెసెంజర్లు అనుమతి లేకుండా వాడటం మన దేశంలో నేరం. విదేశాల్లో ఉన్న బంధువులు ప్రేమతో పంపినా వాటిని తీసుకెళ్లొద్దు.

మొదటి రోజు: శంషాబాద్ నుంచి శ్రీనగర్

నడక కర్రలు చెక్‌ఇన్ లగేజీలో వేయాలి. పవర్ బ్యాంకులు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. గ్యాస్ డబ్బాలను ఏ సంచిలోనూ విమానంలోకి రానివ్వరు. బూట్లను లగేజీలో పెట్టకుండా కాళ్లకే వేసుకుని వెళ్లాలి. సంచి ఒక రోజు ఆలస్యంగా వచ్చినా జాకెట్ అద్దెకు దొరుకుతుంది కానీ కాలికి అలవాటైన బూటు దొరకదు.

ఢిల్లీ మీదుగా వెళ్లేవాళ్లు రెండు విమానాల మధ్య కనీసం నాలుగు గంటలు ఉంచుకోవాలి. జనవరిలో ఢిల్లీ పొగమంచు, శ్రీనగర్‌లో కురిసే మంచు రెండూ విమానాలను ఆపేస్తాయి. అందుకే ఏడు రోజుల యాత్రకు ఎనిమిది రోజుల సెలవు పెట్టడం తెలివైన పని. 2025 జూన్‌లో కట్రా నుంచి శ్రీనగర్‌కు రైలు మొదలయ్యాక విమానం రద్దయితే బయటపడటానికి ఇంకో దారి దొరికింది.

శ్రీనగర్ ఎత్తు సుమారు 1,585 మీటర్లు, గుల్మార్గ్ దాదాపు 2,650. మన హైదరాబాద్ 540 మీటర్ల దగ్గరుంది. మధ్యాహ్నం దిగి అదే రోజు గుల్మార్గ్ ఎక్కేయొచ్చు, చాలామంది అలాగే చేస్తారు. ఒక రాత్రి శ్రీనగర్‌లో పడుకుంటే రెండో రోజు తలనొప్పి బాధ చాలావరకు తగ్గుతుంది. 2,500 మీటర్ల పైన నిద్రపోయినప్పుడే ఎత్తు ప్రభావం మొదలవుతుంది. గుల్మార్గ్ సరిగ్గా ఆ గీత దాటాక ఉంది. బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగే బయల్దేరాలి. ఎత్తు ప్రభావాన్ని తగ్గించే ఎసిటజోలమైడ్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది కూడా ఆయనే చెప్పాలి.

శ్రీనగర్ చలికాలంలో పొద్దున్నే దొరికే హరీసా తిని కదలడం మంచి ఆరంభం. రాత్రంతా మాంసాన్ని బియ్యంతో ఉడికించి మెదిపి చేస్తారు. బార్కస్ హరీస్ రుచి తెలిసిన నాలుకకు ఇది దూరపు చుట్టంలా అనిపిస్తుంది. శాకాహారులు దాని పేరు విని మోసపోవద్దు, అది మాంసపు వంటకమే.

రెండో రోజు: టంగ్‌మార్గ్, గుల్మార్గ్, మొదటి అడుగులు

శ్రీనగర్ నుంచి నార్బల్, మాగామ్ మీదుగా టంగ్‌మార్గ్ దాకా చదును రోడ్డు. అక్కడి నుంచి గుల్మార్గ్‌కు 13 కిలోమీటర్ల మలుపుల ఎక్కుడు. మంచు పడితే చక్రాలకు గొలుసులు వేసిన బండ్లనో, నాలుగు చక్రాలూ లాగే బండ్లనో తప్ప పైకి వదలరు. శ్రీనగర్‌లో బండి మాట్లాడేటప్పుడే “టంగ్‌మార్గ్ దాకానా, గుల్మార్గ్ హోటల్ దాకానా, గొలుసులు ఉన్నాయా” అని తేల్చుకోవాలి.

టంగ్‌మార్గ్‌లో దిగగానే రబ్బరు గమ్‌బూట్లు, కోట్లు అద్దెకిచ్చేవాళ్లు చుట్టుముడతారు. మంచులో ఫొటో దిగడానికైతే అవి చాలు. స్నోషూ కింద గమ్‌బూటు అస్సలు పనికిరాదు. రబ్బరు చలిని ఆపదు, మడమ లోపల జారుతుంది, చీలమండ దగ్గర పట్టు ఉండదు కాబట్టి పట్టీ ఎంత బిగించినా స్నోషూ పక్కకు తిరుగుతుంది. చీలమండ మీదకు వచ్చే, నీరు పట్టని, అడుగు గట్టిగా ఉన్న ట్రెక్కింగ్ బూట్లే కావాలి. బూటు మీద నుంచి మోకాలి దాకా గెయిటర్లు, అంటే బూటులోకి మంచు పోకుండా కాలికి చుట్టే తొడుగులు, ఉండాలి.

గుల్మార్గ్‌లో స్కీ సామాను అద్దె కొట్లలోనే స్నోషూలూ దొరుకుతాయి. సైజు పాదాన్ని బట్టి కాదు, బరువును బట్టి తీసుకోవాలి. ఒంటి బరువుకు బట్టలు, బూట్లు, బ్యాగు కలపాలి. 62 కిలోల మనిషి నడిచే బరువు సులువుగా 72 దాటుతుంది. సుమారుగా 80 కిలోల లోపు 22 అంగుళాలు, 90, 95 దాకా 25 అంగుళాలు, ఆపైన 30 అంగుళాలు. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే కొత్త మంచు పడే సూచన ఉన్నప్పుడు పెద్దది, అడవి బాటలకు చిన్నది ఎంచుకోవాలి. పెద్దది మంచులో తేలుతుంది కానీ చెట్ల మధ్య మెలికలు తిరగడానికి అడ్డం.

డబ్బు ఇచ్చే ముందు ఐదు నిమిషాలు తిప్పి చూడాలి. రబ్బరు పట్టీలను వంచితే సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయా? చలిలో గట్టిపడ్డ పాత రబ్బరు కొండ మీదే తెగుతుంది. అడుగున మంచును పట్టుకునే ఇనుప పళ్లు, అంటే క్రాంపాన్, మొద్దుబారాయా? పాదం ఊగే పివట్ దగ్గర రివెట్లు వదులయ్యాయా? మడమ కింద లేచే ఇనుప కమ్మీ, అంటే హీల్ లిఫ్ట్, లేపితే నిలుస్తుందా? కర్రల చివర వెడల్పు బిళ్లలు ఉన్నాయా? అవి లేకపోతే కర్ర మంచులోకి మూరెడు దిగిపోయి ఆసరా ఇవ్వదు. మరమ్మతుకు ఐదారు ప్లాస్టిక్ జిప్ టైలు, రెండు మీటర్ల సన్న తాడు, కర్రకు చుట్టుకున్న కొంచెం డక్ట్ టేపు చాలు. చాలా తెగుళ్లు ఈ మూడింటితో తీరతాయి.

తొడిగే పద్ధతి ఇది. ముందు పట్టీలన్నీ పూర్తిగా వదులు చేయాలి. స్నోషూల మీద మంచు లేకుండా దులిపి, పాదం బంతి, అంటే వేళ్ల వెనక ఉబ్బెత్తు భాగం, సరిగ్గా పివట్ కడ్డీ మీదకు వచ్చేలా పెట్టాలి. బూటు ముక్కు ముందరి కంత అంచుకు తగలకూడదు. తగిలితే పాదం వంగినప్పుడల్లా గుద్దుకుంటుంది. ముందు పట్టీలు బిగించి తర్వాత మడమ పట్టీ బిగించాలి. బకిళ్లు రెండు కాళ్లకూ బయటివైపే ఉండాలి. లోపలికి ఉంటే నడకలో ఒకదానికొకటి తగులుకుని మనిషిని పడేస్తాయి. ఇప్పుడు కాలు లేపి చూస్తే ముందు భాగం లేచి, తోక కిందికి వాలాలి. తోక వాలితేనే డెక్ మీది మంచు దానంతటదే రాలిపోతుంది. పది నిమిషాలు నడిచాక ఆగి పట్టీలన్నీ ఇంకోసారి బిగించాలి. నడకలో పట్టీ సర్దుకుని, బూటు కుదురుకుని, మొదటి బిగువు ఎప్పుడూ వదులవుతుంది. సాయంత్రం దాకా జారే స్నోషూలన్నీ ఈ రెండో బిగింపు మర్చిపోయినవే.

సాధనకు గుల్మార్గ్ మధ్యలోని గోల్ఫ్ మైదానమే మంచి చోటు. గిన్నెలా ఉండే ఆ చోట చిన్న మిట్టలున్నాయి, పడినా దెబ్బ తగలదు. కాళ్లు మామూలు కన్నా బెత్తెడు ఎడంగా వేయాలి. ఒక స్నోషూ అంచు మీద ఇంకోటి తొక్కడమే కొత్తవాళ్లు పడే మొదటి కారణం. రెండోది వెనక్కి నడవబోవడం. తోక మంచులో గుచ్చుకుని వెల్లకిలా పడతారు. వెనక్కి తిరగాలంటే ఎద్దుబండి తిప్పినట్టు చిన్న అర్ధవృత్తం వేయాలి. పడ్డాక లేవడానికి తొందరపడి ఒంటి కర్ర మీద బరువు వేస్తే కర్ర వంగుతుంది. ముందు బోర్లా తిరగాలి, రెండు కర్రలను అడ్డదిడ్డంగా మంచు మీద పరిచి వాటి మీద చేతులు ఆనించి, ఒక మోకాలు, తర్వాత రెండోది లేపి నిలబడాలి.

ఈ రోజు రెండు గంటలు చాలు. ఎంత బాగున్నట్టు అనిపించినా ఎత్తుకు అలవాటుపడటం అయిపోలేదు. రాత్రి తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఉంటే మర్నాడు పైకి వెళ్లొద్దు. తగ్గకుండా ముదిరితే, నడకలో తూలుతుంటే, వెంటనే కిందికి దిగాలి. దానికి అసలు మందు అదే.

మూడో రోజు: చుట్టు బాటలో అడవి నడక

గుల్మార్గ్ గిన్నె అంచు వెంట దేవదారు, ఫర్, కైల్ పైన్ చెట్ల మధ్య దాదాపు 11 కిలోమీటర్ల చుట్టు బాట ఉంది. వేసవిలో మూడు గంటల నడక. మంచులో మొత్తం చుట్టాలనుకోవద్దు, సగం చాలు. తొక్కిన బాట మీద స్నోషూతో గంటకు రెండున్నర కిలోమీటర్లు నడుస్తాం. కొత్త మంచులో గంటకు కిలోమీటరు నడిస్తే గొప్పే. హైదరాబాద్ లెక్కతో దూరం వేసుకుని చీకట్లో చిక్కుకునేవాళ్లు ఎక్కువ. పొద్దున తొమ్మిదికి బయల్దేరి ఎక్కడున్నా పన్నెండున్నరకు వెనుదిరగాలి. శీతాకాలంలో కొండ నీడ త్వరగా పడుతుంది, నీడ పడ్డ పావుగంటలో చలి మారిపోతుంది.

కొత్త మంచులో ముందు నడిచేవారి పనే కష్టం. బాట తొక్కేవారికి వెనకవారి కన్నా రెట్టింపు శ్రమ. అందుకే ఐదు నుంచి పది నిమిషాలకొకసారి మార్చుకోవాలి. ముందున్నవారు ఒక అడుగు పక్కకు తప్పుకుంటే వరస దాటిపోతుంది, వాళ్లు చివర్లో కలుస్తారు. ఎంత ఓపిక ఉన్నవారైనా వరసగా అరగంట ముందు నడిస్తే మధ్యాహ్నానికి బృందానికి భారమవుతారు. అడుగు వేసి వెంటనే బరువు వేయకూడదు. మెల్లగా నొక్కి, ఒక క్షణం ఆగి, అప్పుడు బరువు మార్చాలి. ఆ క్షణంలో కింద మంచు కుదురుకుని గట్టి మెట్టు అవుతుంది.

బయల్దేరేటప్పుడు కాస్త చలిగానే ఉండాలి. బయల్దేరగానే వెచ్చగా ఉంటే ఒక పొర ఎక్కువైందని అర్థం. పది నిమిషాలకు ఆగి ఫ్లీస్ తీసేయాలి. చెమట పట్టాక తీయడం ఆలస్యమే. ఆగిన ప్రతిసారీ ముందు డౌన్ జాకెట్ వేసుకుని తర్వాతే తిండి, ఫొటోలు.

నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టుకోవాలి. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత మూసుకుపోకుండా ఉంటుంది. గొట్టంతో తాగే నీళ్ల సంచి గొట్టం పావుగంటలో గడ్డకడుతుంది, అది ఇక్కడ దండగ. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా ఉంచాలి. బయటి జేబులో 60 శాతం చార్జింగ్ ఉన్న ఫోన్ కూడా ఉన్నట్టుండి ఆరిపోతుంది.

అడవిలో ఒక ప్రమాదం కంటికి కనిపించదు. కొమ్మలు కిందికి వాలిన ఫర్ చెట్టు మొదట్లో మంచు తక్కువ పడి, చుట్టూ ఎత్తుగా పేరుకుని, లోపల బోలు గుంత ఏర్పడుతుంది. తలకిందులుగా పడితే చుట్టూ మంచు కూలి మీద పడుతుంది, ఒంటరిగా బయటికి రావడం దాదాపు అసాధ్యం. పెద్ద చెట్లకు కొమ్మల అంచు నుంచి కూడా రెండు మీటర్లు ఎడంగా నడవాలి. ఎప్పుడూ ఇద్దరు ఒకరికొకరు కనిపించేంత దూరంలో ఉండాలి.

కొత్త మంచు మీద నక్క అడుగులు దారంతో కుట్టినట్టు ఒకే గీతలో పోతుంటాయి. వాటిని చూడటానికైనా ఈ రోజు తొందరపడకుండా నడవాలి. ఈ అడవుల్లో చిరుతలు కూడా ఉన్నాయి. గైడ్ ముందు ఉండగా విడిపోయి తిరగొద్దు.

నాలుగో రోజు: మంచు కురిసే రోజు

వారంలో ఒక రోజు ఇలా పోతుందని ముందే లెక్క వేసుకోవాలి. రాత్రి నుంచి మంచు పడుతోంది, గాలి వీస్తోంది, గండోలా, అంటే కొండ మీదకు తీసుకెళ్లే కేబుల్ కారు, ఆగింది. ఈ రోజు ఏ వాలు మీదకూ వెళ్లకూడదు. హోటల్ దగ్గరి చదునులో గంటసేపు నడిచి వచ్చి, మిగతా సమయం హిమపాతాల పాఠానికి, అంటే వాలు మీది మంచు ఒక్కసారిగా తెగి కిందికి జారే ప్రమాదం గురించి తెలుసుకోవడానికి, పెట్టుకోవాలి. గుల్మార్గ్ పైనున్న అఫర్వట్ కొండ కింద ఈ పాఠం తెలియకుండా తిరగడం ప్రాణంతో పందెం. 2010 ఫిబ్రవరిలో ఖిలన్‌మార్గ్ దగ్గర శిక్షణలో ఉన్న 17 మంది సైనికులను హిమపాతం బలి తీసుకుంది. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ ఈ కొండ మీదే చనిపోయారు. వీళ్లంతా మంచుకు కొత్తవాళ్లు కారు.

హిమపాతాలు ఎక్కువగా పుట్టేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. అంతకన్నా నిటారుగా ఉంటే మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది, తక్కువగా ఉంటే సులువుగా కదలదు. స్నోషూతో 25 డిగ్రీలు దాటకపోవడం మంచి హద్దు. కొలవడానికి రెండు కర్రలు చాలు. ఒకే పొడవున్న రెండు కర్రల్లో ఒకటి మంచు మీద నిలువుగా నిలబెట్టి, దాని సగం ఎత్తు నుంచి రెండోదాన్ని వాలు ఎగువ వైపు అడ్డంగా చాపాలి. కొన సరిగ్గా మంచుకు తగిలితే వాలు సుమారు 27 డిగ్రీలు, అంటే అప్పటికే హద్దు దాటింది. కర్ర పూర్తిగా చాపకముందే కొన మంచులో గుచ్చుకుంటే ఇంకా నిటారు, అక్కడి నుంచి వెనుదిరగాలి.

మనం నిలబడ్డ చోటు చదునుగా ఉంటే సరిపోదు, తలెత్తి పైన ఏముందో చూడాలి. పైన తెగిన మంచు కిందున్న చదును దాకా వస్తుంది. మంచు పడ్డాక మొదటి 24 నుంచి 48 గంటలు, బలమైన గాలి తర్వాత, ఎండ ఒక్కసారిగా కాసినప్పుడు అపాయం పెరుగుతుంది. అడుగు వేయగానే మంచు లోపల “వూఫ్” అని కుంగిన చప్పుడు రావడం, స్నోషూ ముందు నుంచి గీతలా పగులు పరిగెత్తడం, ఈ రెండూ కొండ చెప్పే ఆఖరి మాటలు. అవి విన్నాక ముందుకు అడుగు పడకూడదు.

రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన డీజీఆర్‌ఈ జిల్లాలవారీగా హిమపాత హెచ్చరికలు ఇస్తుంది. అపాయాన్ని ఐదు స్థాయిల్లో చెబుతారు. మూడో స్థాయి మధ్యలో ఉంది కదా, ఫర్వాలేదు అనుకుంటారు కానీ చాలా మరణాలు జరిగేది ఆ స్థాయి ఉన్న రోజుల్లోనే. గుల్మార్గ్‌లో స్కీ పెట్రోల్ వాళ్లను, అంటే స్కీ వాలుల మీద గస్తీ తిరిగేవాళ్లను, పొద్దున్నే అడిగితే ఆ రోజు సంగతి నేరుగా చెబుతారు.

పై వాలుల దగ్గరికి వెళ్లే ప్రతి ఒక్కరి దగ్గరా మంచు కింద పడ్డవాళ్లను వెతికే ట్రాన్సీవర్, మంచులో గుచ్చి చూసే ప్రోబ్ కర్ర, పార ఉండాలి. ట్రాన్సీవర్ 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపుతుంది. మామూలుగా పంపే స్థితిలో ఉంచి, జాకెట్ లోపల ఒంటికి కట్టుకోవాలి. ఫోన్ దానికి 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు అర మీటరు దూరంలో ఉండాలి. మంచు కింద పడ్డ మనిషిని మొదటి పది, పదిహేను నిమిషాల్లో తవ్వి తీస్తే బతికే అవకాశం ఎక్కువ, తర్వాత వేగంగా పడిపోతుంది. అంటే కాపాడేది పక్కనున్నవాళ్లే, కింది నుంచి వచ్చే బృందం కాదు. ఈ రోజు హోటల్ ముందు మంచులో ఒక ట్రాన్సీవర్‌ను సంచిలో పెట్టి పాతి, ఒకరి తర్వాత ఒకరు వెతికి తీయాలి. మొదటిసారి పది నిమిషాలు పడుతుంది. నాలుగోసారికి మూడు నిమిషాలకు దిగాలి.

సాయంత్రం బూట్లు ఆరబెట్టడం కూడా పనే. గదిలో బుఖారీ, అంటే పొగగొట్టం ఉన్న ఇనుప పొయ్యి, వెలిగిస్తారు. బూట్లను దానికి ఆనించి పెడితే జిగురు కరిగి అడుగు ఊడుతుంది. లోపలి అట్టలు తీసి, పాత పేపర్లు కూరి, మీటరు దూరంలో పెట్టి, రెండు గంటలకొకసారి పేపరు మార్చాలి. పడుకునే ముందు బుఖారీ ఆర్పి కిటికీ బెత్తెడు తెరవాలి. మూసిన గదిలో బొగ్గు పొగకు వాసన లేకుండానే ప్రాణం పోతుంది. కాంగ్డీని, అంటే ఒంటికి వెచ్చదనానికి పట్టుకునే నిప్పుల కుంపటిని, పక్క మీదకు తేవొద్దు.

ఐదో రోజు: అడవి గుండా బాబా రేషికి

కొత్త మంచు పడి ఒక్క రోజే అయింది కాబట్టి పైకి కాదు, కిందికే. గుల్మార్గ్ నుంచి దట్టమైన అడవి గుండా దిగితే 15వ శతాబ్దపు సూఫీ సాధువు బాబా పయాముద్దీన్ రేషి దర్గా వస్తుంది. ఐదారు కిలోమీటర్ల దిగుడు, బాట తొక్కుకుంటూ నాలుగు గంటలు. వారం మొత్తంలో అందమైన నడక ఇదే. గండోలా వరసలో రెండు గంటలు నిలబడే సమయంలో ఈ అడవి సగం దాటేయొచ్చు. అడవిలోనూ బోడి వాగుల లోతట్టు దారులున్నాయి, పై నుంచి మంచు వాటిలోకే జారుతుంది. వాటిని ఎక్కడ దాటాలో గైడ్‌కే తెలుసు, గూగుల్ మ్యాప్‌కు తెలియదు.

దిగేటప్పుడు మొదట హీల్ లిఫ్ట్ మడిచారో లేదో చూసుకోవాలి. లేపి ఉంచి దిగితే మనిషి ముందుకు తూలుతాడు. కర్రలను పది సెంటీమీటర్లు పొడవు చేయాలి. మోకాళ్లు కాస్త వంచి, అడుగులు చిన్నవి చేసి, బరువు మడమ మీదకు తేవాలి. భయంతో వెనక్కి వాలితే పళ్లు మంచును వదిలేసి కూర్చున్నపళాన జారతారు. అడ్డంగా వాలు దాటడం స్నోషూకు బలహీనత, పళ్లు ఎక్కువగా పాదం కిందే ఉంటాయి కాబట్టి పక్కకు జారుతుంది. అక్కడ స్కీలా అంచు మీద నిలబడకుండా ఎగువ అంచుతో గట్టిగా తన్ని, అరుగులాంటి చోటు చేసి, పాదం చదునుగా పెట్టాలి. వెనకవాళ్లు అదే మెట్టు వాడుకోవాలి.

మధ్యాహ్నానికి ఎత్తు తగ్గి ఎండ తగిలేసరికి మంచు తడిగా మారుతుంది. అప్పుడు క్రాంపాన్ కింద మంచు ముద్దలు కడుతుంది. పళ్లు ముద్దలో మునిగిపోయి, హైహీల్స్ వేసుకున్నట్టు కాలు పక్కకు మడతపడుతుంది. ఇరవై అడుగులకొకసారి స్నోషూ పక్క అంచును కర్రతో కొడితే ముద్ద రాలుతుంది. పొద్దున బయల్దేరే ముందు డెక్ అడుగున, పళ్ల మధ్య కాస్త కొవ్వొత్తి మైనం రుద్దితే ముద్ద కట్టడం తగ్గుతుంది. చేత్తో గోకొద్దు. తొడుగు తడుస్తుంది, తడి తొడుగులో వేళ్లు ముందు తిమ్మిరెక్కి తర్వాత తెల్లబడతాయి. వేళ్లు, ముక్కు కొన, చెవులు పాలిపోయి స్పర్శ లేకపోతే ఆగి, వేళ్లను చంకలో పెట్టి, ముక్కు, చెవులను పొడి అరచేతులతో కప్పి వెచ్చబెట్టాలి. మంచుతో రుద్దడం, మంట దగ్గర పెట్టడం రెండూ చర్మాన్ని పాడుచేస్తాయి. స్పర్శ తిరిగి రాకపోతే డాక్టర్ దగ్గరికే. ఎవరైనా ఆగకుండా వణుకుతూ, మాట తడబడుతూ, ప్రతి అడుగుకూ తూలుతుంటే, అది అలసట కాదు, ఒళ్లు చల్లబడిపోతోంది. తడి బట్టలు మార్చి, పొడి పొరలు వేసి, తీపి వేడి టీ పట్టించి కిందికి తీసుకెళ్లాలి.

దర్గా దగ్గర స్నోషూలు బయట వదిలి, తల కప్పుకుని వెళ్లాలి. అక్కడి నుంచి ముందే చెప్పి ఉంచిన బండిలో టంగ్‌మార్గ్ మీదుగా గుల్మార్గ్ చేరొచ్చు. దారిలో ఉప్పు వేసిన గులాబీరంగు నూన్ చాయ్ ఇస్తారు. ఇరానీ చాయ్ తీపి మరిగిన నాలుకకు మొదటి గుక్క తికమకగా ఉంటుంది, నాలుగు గంటల చెమట తర్వాత ఆ ఉప్పే హాయి.

ఆరో రోజు: కొంగ్‌డూరి

మంచు పడి రెండు రోజులు దాటి, గాలి తగ్గి, స్కీ పెట్రోల్ సరే అంటేనే ఈ రోజు. కాదంటే చుట్టు బాటలో మిగిలిన సగం. 1998లో మొదలైన గండోలా మొదటి దశ దాదాపు 3,080 మీటర్ల కొంగ్‌డూరికి చేరుస్తుంది, 2005లో వచ్చిన రెండో దశ 3,900 మీటర్లు దాటి అఫర్వట్ భుజం మీదకు తీసుకెళ్తుంది. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. స్నోషూకు మొదటి దశ చాలు. రెండో దశ పైన వాలులు నిటారుగా ఉంటాయి, అది స్కీయర్ల చోటు. అవతల నియంత్రణ రేఖ కూడా దగ్గరే. తాడు కట్టిన హద్దులు దాటొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు.

కొంగ్‌డూరి చదునులో గంటన్నర నడక, తల ఎత్తి పై వాలులను చూస్తూ. కొద్దిగా ఎక్కాల్సి వస్తే హీల్ లిఫ్ట్ లేపాలి, పిక్కల మీద బరువు సగం తగ్గినట్టు ఉంటుంది. బూటు ముక్కుతో మంచులో తన్ని మెట్టు చేసుకుంటూ నిటారుగా పైకి ఎక్కాలి.

ఎండ కళ్లజోడు ఒక్క నిమిషం కూడా తీయకూడదు. కొత్త మంచు అతినీల కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. మబ్బు పట్టినా అంతే. ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట పుడితే అది మంచు గుడ్డితనమే. సన్‌స్క్రీన్ ముఖానికే కాదు, గడ్డం కిందా ముక్కు రంధ్రాల అంచులకూ రాయాలి, వెలుగు కింది నుంచి వస్తుంది. మన నల్లటి చర్మానికి ఏమీ కాదన్న మాట ఇక్కడ చెల్లదు.

ఏడో రోజు: వెనక్కి

పొద్దున ఏడుకే బయల్దేరాలి. దిగువ రోడ్డు రాత్రి గడ్డకట్టి, ఎండ తగిలేదాకా అద్దంలా జారుతుంది కాబట్టి బండి నిదానంగా నడుస్తుంది. శ్రీనగర్ విమానాశ్రయంలో టెర్మినల్‌కు చాలా ముందే డ్రాప్ గేట్ దగ్గర సామాను దింపి తనిఖీ చేయించాలి, లోపల ఇంకో తనిఖీ. విమానానికి మూడు గంటల ముందు అక్కడుంటేనే నిశ్చింత. అద్దె ట్రాన్సీవర్లు, స్నోషూలు ముందు రాత్రే అప్పగించి, తెగిన పట్టీ ఏదైనా ఉంటే కొట్టువాళ్లకు చూపించి చెప్పాలి. తర్వాత తీసుకునేవాళ్ల కాళ్లు దాని మీదే నిలబడాలి.

హైదరాబాద్ చేరాక బూట్లు, గెయిటర్లు, డౌన్ జాకెట్ రెండు రోజులు నీడలో గాలికి ఆరబెట్టి అప్పుడే అటక మీద పెట్టాలి. తడి మిగిలితే వానాకాలానికి బూజు పడుతుంది. డౌన్ జాకెట్‌ను మూటలా అదిమి కట్టకుండా వదులుగా వేలాడదీయాలి. కాలి బొటనవేలి కొన రెండు మూడు వారాలు మొద్దుబారినట్టుంటే చాలామందికి అది తగ్గిపోతుంది. వేలి రంగు నల్లబడినా, బొబ్బ లేచినా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.